రిహార్సల్ లేని నలభై నిమిషాలు

1992 సెప్టెంబరు. కాలిఫోర్నియా తీరంలోని సాంటా బార్బరా. ఫ్రాన్సిస్కన్ పాదిరీలను తయారుచేసిన సెయింట్ ఆంథనీస్ సెమినరీలో చదువులు ఆగిపోయి అప్పటికి అయిదేళ్లు. ఆవరణలో క్రైస్ట్ ది కింగ్ చాపెల్ అనే ప్రార్థనాలయం ఉంది. ఆ ఖాళీ హాల్లోకి నలుగురు వాయిద్యాలు పట్టుకొని వచ్చారు.

ఒకరు జైపూర్ నుంచి వచ్చిన విశ్వమోహన్ భట్, వయసు 42. పండిత రవిశంకర్ శిష్యుడు. ఆయన ఒళ్లో ఉన్నది చూపులకు గిటారే కానీ మెడ పక్కన అదనంగా మరలు బారులు తీరి ఉంటాయి. రాగం వాయించే తీగలు 3, శ్రుతి కోసం 5, వాటి అడుగున ఎవరూ ముట్టుకోకుండానే మోగే తరఫ్ తీగలు 12. తన పేరులో సగం తీసి దానికి మోహన్ వీణ అని పెట్టుకున్నారు. రెండో ఆయన లాస్ ఏంజెలెస్ గిటారిస్టు రై కూడర్, వయసు 45. ఎనిమిదేళ్ల కిందట ‘పారిస్, టెక్సస్’ సినిమాకు ఒక్క గిటార్‌తో ఎడారిని వినిపించిన మనిషి. తబలా మీద సుఖ్విందర్ సింగ్ నామ్‌ధారి. నాలుగోవాడు రై కొడుకు జోకిమ్. పద్నాలుగేళ్ల కుర్రాడు. వాడి చేతిలో దుంబెక్ అనే కూజా ఆకారపు అరబ్బీ డప్పు.

భట్, రై ముఖాముఖి కలుసుకొని గంట కూడా కాలేదు. ఏం వాయించాలో కూర్చొని సాధన చేసుకున్నది లేదు. టేపు తిరగడం మొదలైంది.

ఆ టేపే మరుసటి ఏడాది ‘ఎ మీటింగ్ బై ద రివర్’ పేరుతో ఆల్బమ్‌గా వచ్చింది. 1994 మార్చి 1న గ్రామీ వేదిక మీద ఉత్తమ వరల్డ్ మ్యూజిక్ ఆల్బమ్ అవార్డు తీసుకుంది. ఈ ఆదివారం మీరు వినాలని నేను చెబుతున్నది దీన్నే. అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్ అంటే ఏమిటో తెలియకపోయినా ఫరవాలేదు. హిందుస్థానీ అంటే నిద్రొస్తుందనేవాళ్లు కూడా వినొచ్చు. నాలుగే నాలుగు పాటలు, ఒక్కొక్కటి సుమారు పది నిమిషాలు, గొంతెత్తి పాడేవాళ్లు ఎవరూ లేరు.

ఆ ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టినవాడు శ్రీలంకలో పుట్టిన కవిచంద్రన్ అలెగ్జాండర్. వాటర్ లిల్లీ అకౌస్టిక్స్ అనే చిన్న రికార్డింగ్ కంపెనీ ఆయనది. పట్టుదల మాత్రం చిన్నది కాదు. స్టూడియో గదుల్లో చచ్చిపోయిన శబ్దం ఆయనకు గిట్టదు. ఒక్కో వాయిద్యానికి ఒక్కో మైకు పెట్టి, తర్వాత తీరిగ్గా హెచ్చుతగ్గులు సరిచేసుకోవడం అసలే గిట్టదు. ప్రత్యేకంగా చేయించుకున్న వాల్వు పరికరాలు, మామూలు టేపు, బ్లమ్‌లైన్ పద్ధతిలో అమర్చిన మైకులు. అంతే సరంజామా.

ఈ బ్లమ్‌లైన్ సంగతి కాస్త చెప్పుకోవాలి. అలన్ బ్లమ్‌లైన్ ఇంగ్లండులో ఈఎమ్ఐ కంపెనీ ఇంజనీరు. మనం ఇవాళ స్టీరియో అంటున్నదానికి 1931లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. యుద్ధకాలంలో రాడార్ పరీక్షిస్తూ 1942లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన పద్ధతిలో ముందూ వెనకా రెండు వైపులా వినే మైకులు రెండింటిని ఒకేచోట, ఒకదానికొకటి అడ్డంగా నిలబెడతారు. మనుషులు ఎక్కడ కూర్చున్నారో, గోడల నుంచి శబ్దం ఎలా తిరిగొచ్చిందో అంతా ఆ రెంటిలోనే పడుతుంది. తబలా ఎక్కువైందనిపిస్తే తర్వాత తగ్గించడానికి మీట ఉండదు. తబలా వాయించే మనిషే కొంచెం వెనక్కి జరగాలి, లేదా చేతిని తగ్గించుకోవాలి. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు చూసినవాళ్లకు దీన్ని వివరించనక్కరలేదు. అక్కడ స్తంభాన్ని వేలితో మీటితే రాయి మోగుతుంది, మండపం దాన్ని అందుకుంటుంది. ఈ రికార్డులో ఆ చర్చి కూడా అలాగే అయిదో వాయిద్యం. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే తీగ ఆగాక కూడా గాలిలో మిగిలిన శబ్దం వినిపిస్తుంది. ఫోన్ స్పీకర్లో వింటే ఇవేవీ ఉండవు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

ఇక కూర్చున్నవాళ్ల దగ్గరికి వద్దాం. భట్ వాద్యాన్ని ఒళ్లో పడుకోబెట్టి, ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతారు. రై గిటార్‌ను మామూలుగానే పట్టుకొని, ఎడమ చిటికెన వేలికి గాజు గొట్టం తొడుగుతారు. ఒకప్పుడు నల్లజాతి గిటారిస్టులు సారాసీసా మెడ విరగ్గొట్టి, అంచులు అరగదీసి వేలికి తొడుక్కున్నదానికి ఇది వారసత్వం. అందుకే దీన్ని బాటిల్‌నెక్ అంటారు. ఇద్దరి చేతుల్లో పనిముట్లు వేరు. చేసే పని ఒకటే. తీగను మెట్టుకు అదిమి పట్టరు, పైపైన జారుస్తారు. స్వరానికీ స్వరానికీ మధ్య గోడ ఉండదు. వీణ విన్న చెవికి ‘జారు’ అంటే చాలు, అర్థమైపోతుంది.

ఇద్దరి చేతుల్లోకి ఈ విద్య ఎలా వచ్చిందన్నది ఇంకో కథ. డబ్ల్యూ.సి. హ్యాండీ అనే బ్యాండు మాస్టారు 1903 ప్రాంతంలో మిసిసిపీ రాష్ట్రంలోని టట్‌వైలర్ స్టేషన్లో ఆలస్యమైన రైలు కోసం కూర్చొని కునుకు తీశాడు. మెలకువ వచ్చేసరికి పక్కన చిరిగిన బట్టల్లో ఒక నల్లమనిషి కత్తిని తీగల మీద నొక్కిపెట్టి గిటార్ వాయిస్తున్నాడు. అంత వింత సంగీతం అంతకుముందు తాను వినలేదని హ్యాండీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ మనిషి పేరు ఎవరూ అడగలేదు. కత్తితో వాయించే ఆ తీరు చూసి హ్యాండీకి హవాయి గిటారిస్టులు గుర్తొచ్చారు. హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు లాంటివాళ్లు అప్పటికే ఉక్కు ముక్కతో తీగలు జార్చడంలో ఆరితేరారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జిబిషన్ తర్వాత హవాయి గిటార్ మోజు అమెరికా అంతా పాకింది. ఆ మోజే పసిఫిక్ దాటి ఇటూ వచ్చింది. టావ్ మో అనే హవాయి కళాకారుడు కుటుంబంతో సహా కలకత్తాలో ఏళ్ల తరబడి ఉండి వాయించాడు. సినిమా పాటల్ని హవాయి గిటార్ మీద వాయించిన సునీల్ గంగూలీ రికార్డులు పాత తరంవాళ్లకు గుర్తుండే ఉంటాయి. మన దక్షిణాదిన గోటువాద్యం ఉండనే ఉంది. అంటే ఆ రోజు ఆ చర్చిలో ఎదురుపడ్డ ఇద్దరూ పరాయివాళ్లేం కాదు. పెద్దల కాలంలో విడిపోయిన దాయాదులు.

* * *

సూర్యాపేట నుంచి కోదాడకు జాతీయ రహదారి మీద నలభై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. మధ్యలో టోల్‌గేటు లేదు. కొర్లపహాడ్‌ది వెనకే పోయింది, చిల్లకల్లుది కోదాడ దాటాక. ఆల్బమ్ నిడివికీ ఈ దారికీ సరిగ్గా సరిపోతుంది. ఆ లెక్కతోనే ఒకరోజు మా బావ కారెక్కి దీన్ని పెట్టాను. ఆయనది కోదాడలో ఎరువుల దుకాణం. పాటంటే ఘంటసాల, లేదా గద్దర్. మధ్యలో ఇంకోటి ఒప్పుకోడు.

దురాజ్‌పల్లి గుట్ట కనిపించేదాకా ఓపిక పట్టాడు.

“ఏంది బామ్మర్దీ, ఇంకా శ్రుతి చేసుకుంటనే ఉన్నరా?”

“శ్రుతి కాదు బావా, ఇదే పాట.”

“మరి మాటలేవి?”

“లెవ్వు.”

“మాటల్లేకుంటే ఎట్ల తెలుస్తది, వాళ్లు ఏడుస్తున్నరో నవ్వుతున్నరో?”

బ్లూస్ మీద ఇంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు. పుస్తకాలు రాసినవాళ్లు ఇక్కడే తంటాలు పడ్డారు. మనకు సాధారణ గాంధారం ఉంది, అంతర గాంధారం ఉంది. పాశ్చాత్యుల చెవికి మొదటిది దిగులు, రెండోది ఉల్లాసం. బ్లూస్ గాయకుడి గాంధారం ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఊగుతుంది. పియానోకు ఆ స్వరం దొరకదు, దానికి మెట్లున్నాయి. గొంతుకు దొరుకుతుంది, జారే తీగకు దొరుకుతుంది. ఏడుపో నవ్వో తేల్చకుండా ఉంచడమే అక్కడి విద్య. బావకు ఇదంతా చెప్పబోయాను కానీ ముందు లారీ అడ్డమొచ్చింది.

బ్లూస్ పుట్టిన చోటునూ డెల్టా అంటారు. మిర్యాలగూడ మనిషికి డెల్టా అంటే బెజవాడ దిగువన వరి పండే కృష్ణా నేల. మిసిసిపీ డెల్టా సముద్రానికి చాలా దూరం. మిసిసిపీ, యాజూ నదుల మధ్య పరుచుకున్న ఒండ్రు భూమి, పత్తి నేల. 1865లో బానిసత్వం చట్టప్రకారం పోయింది. ఆ తర్వాత దొర భూమిలో పాలుకు చేయడం, పంట చేతికొచ్చాక లెక్క చూస్తే అప్పే మిగలడం వచ్చింది. ఇది మన వైపువాళ్లకు విడమరిచి చెప్పాల్సిన సంగతి కాదు. వెట్టి అనే మాట చాలు. అయితే ఒక తేడా నాకు ఎప్పుడూ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వెట్టి మీద మన పాట గుంపులోంచి లేచింది. గొల్లసుద్దులు, బుర్రకథ, ఎదురుగా ఊరంతా, వెనక వంతపాట. సుద్దాల హనుమంతు పాటలో మాట్లాడేది ‘మనం’. బ్లూస్‌లో మాట్లాడేది ఒంటరి మనిషి. ఒకే మాట రెండుసార్లు అంటాడు, మూడో పాదంలో దానికి తనే జవాబు చెప్పుకుంటాడు. వంత పలకడానికి ఎవరూ లేరు కాబట్టి ఆ పని గిటార్ చేస్తుంది. వేలికి తొడుక్కున్న సీసా ముక్క అందుకే మనిషి గొంతులా మూలుగుతుంది.

మునగాల వచ్చేసరికి మూడోది నడుస్తోంది. బావ వేళ్లు స్టీరింగు మీద దరువేస్తున్నాయి. నేను చూడనట్టు బయటికి చూశాను.

* * *

ఆ మూడోదాని పేరు ‘గ్యాంజెస్ డెల్టా బ్లూస్’. ఈ ఆల్బమ్ ఎందుకు నిలబడిందో తెలియాలంటే ఇక్కడ ఆగాలి. రెండు దేశాల సంగీతాల్ని కలిపే కచేరీలు మనం బోలెడు చూశాం. ఎక్కువ వాటిలో జరిగేది ఒకటే. ఆయన వేగంగా ఒకటి వాయిస్తాడు, ఈయన ఇంకా వేగంగా ఇంకోటి వాయిస్తాడు, చివర ఇద్దరూ కలిసి హోరెత్తిస్తారు, జనం చప్పట్లు. ఇంటికొచ్చాక ఒక్క ముక్క గుర్తుండదు.

ఆ రోజు అలా జరగకపోవడానికి సగం కారణం మోహన్ వీణ అడుగునున్న ఆ పన్నెండు తీగలే. వాటిని రాగానికి తగ్గట్టు ముందే శ్రుతి చేసి పెట్టుకోవాలి. మధ్యలో షడ్జం మార్చుకుందామంటే అవి ఊరుకోవు. బ్లూస్ గిటారిస్టుకు మామూలుగా ఆసరా పన్నెండు బార్ల చట్రం. షడ్జం మీద మొదలై మధ్యమానికి వెళ్లి, పంచమం ఎక్కి, తిరిగి షడ్జానికి దిగుతుంది. ఇక్కడ అలా ఎక్కి దిగడానికి వీలు తక్కువ. రై దాన్ని దాదాపు పక్కన పెట్టేశారు. భట్ పట్టిన షడ్జం మీదికే వచ్చి కూర్చున్నారు. మిసిసిపీ పల్లెల్లో పాతకాలపు బ్లూస్ ఇలాగే ఒకే శ్రుతి మీద గంటల తరబడి సాగేది కాబట్టి ఆయనకిది పుట్టింటికి వచ్చినట్టే. భట్ ఒక జారు వేసి ఆగుతారు. రై వెంటనే అందుకోరు. ఒక క్షణం పోనిచ్చి, దానికి కింద నుంచి, బరువైన తీగ మీద, తక్కువ మాటల్లో జవాబిస్తారు. నామ్‌ధారి తబలా వాళ్లిద్దరినీ తోయదు, నడిపిస్తుంది. కుర్రాడి దుంబెక్ చాలాచోట్ల వినీ వినిపించనట్టుంటుంది. నిజం చెప్పాలంటే అది లేకపోయినా ఈ ఆల్బమ్‌కు లోటు రాదు. కానీ పద్నాలుగేళ్ల వాడు అలాంటి ముగ్గురి మధ్య కూర్చొని అతి చేయకుండా ఉండడమే గొప్ప.

రెండోది, ‘లాంగింగ్’, భట్ రచన. ఇది నాకు కాస్త సాగదీసినట్టే అనిపిస్తుంది. ఆలాపన అలవాటున్నవాళ్లు నాతో ఒప్పుకోకపోవచ్చు.

నాలుగోది ‘ఇసా లేయి’. ఇది ఫిజీ దీవుల వీడ్కోలు పాట. ఓడ రేవు వదిలేటప్పుడు, ఆత్మీయులు వెళ్లిపోయేటప్పుడు అక్కడ పాడుకుంటారు. ఇక్కడికొచ్చేసరికి పద్ధతి తిరగబడింది. ఈ పాటకు చక్కని పాశ్చాత్య వరస ఉంది, స్వరసంపుటులు మారుతుంటాయి. మూడోదాంట్లో రై ఇటు వచ్చి కూర్చుంటే ఇందులో భట్ అటు నడిచారు. రాగవిస్తారం మడిచి పక్కన పెట్టి, ఒక మామూలు పాటను పాటలా వాయించారు. గొప్ప విద్వాంసుడికి అది తేలిక కాదు. ఫిజీ అనగానే మనవాళ్లకు తట్టాల్సిన సంగతి ఇంకోటుంది. 1903 నుంచి మద్రాసు రేవులో ఎక్కించిన గిర్మిట్ (ఒప్పంద) కూలీల్లో తెలుగువాళ్లు కూడా చెరకు తోటలకు అక్కడికే వెళ్లారు. చాలామంది తిరిగి రాలేదు.

ఈ కలయిక 1992లోనే మొదటిసారి జరిగిందా అంటే, ఒక రకంగా కాదు. అమెరికావాళ్లు 1977లో రెండు వోయేజర్ నౌకల్ని అంతరిక్షంలోకి పంపుతూ వాటికి బంగారు పూత పూసిన గ్రామఫోన్ రికార్డు తగిలించారు. ఎప్పటికైనా ఎవరైనా వింటారని భూమ్మీది పాటలు అందులో పెట్టారు. చివర్లో కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి వస్తుంది. దాని వెంటనే, పక్కపక్కనే, బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే అంధ గాయకుడు 1927 డిసెంబరులో డల్లాస్‌లో రికార్డు చేసిన పాట. మాటలుండవు. మూలుగు, దాని వెంట జారే గిటార్. రై కూడర్ ‘పారిస్, టెక్సస్’కు తీసుకున్నది ఈ పాట వరసనే. హిందుస్థానీ రాగం, అమెరికా జారుగిటార్ ఒకే పళ్లెం మీద సౌరకుటుంబం దాటిపోతుండగా ఇక్కడ భూమ్మీద ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చోవడానికి మరో పదిహేనేళ్లు పట్టింది.

ఈ ఆల్బమ్ తర్వాత ఇద్దరూ ఆగలేదు. రై వెంటనే మాలి దేశపు గిటారిస్టు అలీ ఫార్కా టూరేతో ‘టాకింగ్ టింబక్టు’ చేశారు. అదీ గ్రామీ తెచ్చుకుంది. తర్వాత క్యూబా వెళ్లి ‘బ్వేనా విస్టా సోషల్ క్లబ్’ చేశారు. భట్, చిత్రవీణ రవికిరణ్‌తో పాటు బ్లూస్ గాయకుడు తాజ్ మహల్‌తో కలిసి 1995లో ‘ముంతాజ్ మహల్’ అనే ఆల్బమ్ చేశారు. పేరు చూసి నవ్వుకున్నా వినదగ్గదే. 2017లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది.

మనవాడు ఎవరూ లేరా అని అడిగేవాళ్లకు పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ ఉన్నారు. ఎనిమిది తీగల మాండలిన్‌ను అయిదు తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చి, అందులోంచి వీణ గమకాలు పలికించిన మనిషి. కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో ఆయన చేసిన ‘డ్రీమ్’ 1995లో వచ్చింది. అది బ్లూస్ కాదు, స్టూడియోలో పొరలు పొరలుగా కట్టిన శబ్దం. సాంటా బార్బరా చర్చి విన్న చెవితో వింటే కొంచెం అలంకారం ఎక్కువైనట్టుంటుంది. అయినా శ్రీనివాస్ తీగ ముట్టుకున్నచోటల్లా పొరలు పక్కకు తప్పుకుంటాయి. 2014 సెప్టెంబరులో, 45 ఏళ్లకే చెన్నైలో ఆయన పోయారు. ఆయనా రై కూడరూ ఒకే మైకు ముందు కూర్చొని ఉంటే ఏం జరిగేదో ఊహించుకోవడం నాకున్న వ్యసనాల్లో ఒకటి.

మిర్యాలగూడవాళ్లకు ఈ ఆల్బమ్ వినడానికి ఇంకో చోటు చెబుతాను. వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో పడే రేవు. ఆల్బమ్ పేరు నదీతీర సమాగమం కదా అని అక్కడికి వెళ్లి వినడం కాస్త నాటకీయంగా ఉంటుందని నాకూ తెలుసు. పైగా హైదరాబాద్ మురికంతా మోసుకొచ్చే మూసీ పక్కన కవిత్వం రావడం కష్టం. మొదటి పాట ఒక్కటి విని చూడండి చాలు. తర్వాత అగస్త్యేశ్వరుడి గుడికి వెళ్లొచ్చు.

మా బావ మాత్రం మూడోదాని దగ్గరే ఉన్నాడు. ఇప్పుడు కారులో అదొక్కటే పెట్టుకుంటున్నాడని అక్క చెప్పింది. ‘ఇసా లేయి’ వినమని ఫోన్ చేస్తే, “అది వచ్చేటాళ్లకు కోదాడ బైపాస్ వస్తది, షాపు ఫోన్లు మొదలైతయి, ఎట్ల వినాలె?” అన్నాడు. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ మిల్లులకు పోయే పనేదైనా పెట్టుకొమ్మన్నాను. ధాన్యం సీజన్ రానీ, చూద్దాం అన్నాడు.